సన్నగా ఉన్నాడు కదా, షుగరేంటి?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశా, అమెరికాలో షుగరు వైద్యం అందరికీ ఒకేలా అందట్లేదు, జాతిని బట్టి తేడా ఉంది, ఆ తేడా మన తెలుగువాళ్లకీ తగుల్తోంది అని. దానికి వచ్చిన ఉత్తరాలతో నా మెయిల్ నిండిపోయింది. కొందరు థాంక్స్ అన్నారు, కొందరు తిట్టారు, ఒకాయనైతే రెండూ చేశారు. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు గనక ఈసారి అమెరికా ఉత్తరాలే తీసుకుంటున్నా.

ప్రశ్న: డాక్టరుగారూ, మేం ఎడిసన్‌లో ఉంటాం. మావారికి 38 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 150 పౌండ్లు. ఏటా ఫిజికల్‌కి వెళ్తారు, ఎప్పుడూ అంతా బానే ఉందనే చెప్పేవాళ్లు. ఈమధ్య ఆఫీసులో ఫ్లూ షాట్లు వేస్తూ పక్కనే ఎ1సి టెస్టు (మూణ్నెల్ల సగటు షుగరు చెప్పేది) కూడా చేస్తున్నారంటే సరదాకి వేలు చాపారట, 8.1 వచ్చింది, అంటే షుగరున్నట్టే. మళ్లీ ల్యాబ్‌లో చేయిస్తే 8.0. మా డాక్టర్ని అడిగితే "మీ బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23.5, ఓవర్‌వెయిట్ కాదు కదా, అందుకే షుగర్ టెస్టు రాయలేదు" అన్నాడు. మా అత్తగారు ఫోన్‌లో "సన్నగా ఉన్నాడు కదా, షుగరేంటి, దిష్టి తగిలింది" అంటున్నారు. ఇంతకీ తప్పెవరిది? — ఒక సోదరి, న్యూజెర్సీ

జవాబు: దిష్టి సంగతి మీ అత్తగారికే వదిలేస్తానమ్మా, నేను కొలబద్ద సంగతి చెప్తా. బీఎంఐ 25 దాటితేనే ఓవర్‌వెయిట్ అన్న గీత ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల లెక్కల మీద గీసింది. మన ఒంటికి అది సరిపోదు. అదే ఎత్తు, అదే బరువు ఉన్నా మనకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా చర్మం కింద ఊరుకోకుండా పొట్టలోకీ లివర్‌లోకీ వెళ్లి కూర్చుంటుంది, షుగరు పని పాడుచేసేది అదే. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, ఇద్దరి బీఎంఐ అచ్చం ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం. నేను మెడికల్ స్టూడెంట్లకి క్లాసు చెప్పేటప్పుడు గంట లెక్చరు కన్నా ఆ ఒక్క ఫొటో ఎక్కువ పనిచేస్తుంది.

ఇది తెలీక కాదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే ఏషియన్లకి 25 కాదు, 23 నించే టెస్టు చెయ్యమని చెప్పింది. 2022 నించైతే 35 ఏళ్లు నిండిన ఎవరికైనా బరువుతో పని లేకుండా చెయ్యమంటోంది. అంటే మీవారు రెండు లెక్కల్లోనూ టెస్టుకి అర్హులే. మరి మీ డాక్టరు ఎక్కడ ఆగాడంటే, బహుశా ప్రభుత్వ ప్రివెంటివ్ టాస్క్ ఫోర్స్ 2021లో ఇచ్చిన సలహా దగ్గర, అది 35 నించి 70 ఏళ్ల మధ్య ఓవర్‌వెయిట్ ఉన్నవాళ్లకి చెయ్యమంటుంది. ఏషియన్లకి 23 నించే ఆలోచించమని ఆ కాగితంలోనూ ఉంది, కాకపోతే లోపలెక్కడో ఉంది, పావుగంటకో పేషెంటు చొప్పున చూసే డాక్టరు అంత లోపలికి వెళ్లడు. నన్నడిగితే తప్పులో సగం ఆయనదే, మిగతా సగం ఆయన ముందున్న కాగితానిది. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశా, అదీ మన తెలుగాయన విషయంలోనే. సన్నగా, టెన్నిస్ ఆడేవాడు, నాకు అనుమానమే రాలేదు. రెండేళ్ల తర్వాత కంటి డాక్టరు చెప్పాడు, వెనకాల రెటీనాలో రక్తపు మచ్చలున్నాయని.

ఇంకో చిక్కు ఏంటంటే మనల్ని "ఏషియన్" అనే ఒకే గడిలో పడేస్తారు. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలు చూడండి, 2017-18లో షుగరున్నట్టు డాక్టరు చెప్పిన పెద్దవాళ్లు తెల్లవాళ్లలో 7.5 శాతం, ఏషియన్లందరూ కలిపి 9.2. పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది. గడి విప్పి చూస్తే చైనీయులు 5.6, ఫిలిపినోలు 10.4, ఇండియన్లు 12.6. అంటే సగటులో మనం మాయమైపోయాం. షికాగోలోనూ శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలా మసాలా అనే స్టడీ జరుగుతోంది, దక్షిణాసియా వాళ్ల గుండెజబ్బుల మీద, పేరు అదేనండి, నేను పెట్టింది కాదు. నడివయసు దాటినవాళ్లని చూస్తే అందులో మనవాళ్లకి షుగరు 23 శాతం, మిగతా జాతుల మీద జరిగిన అలాంటి స్టడీతో పోలిస్తే నల్లవాళ్లకి 18, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలకి 17, చైనీయులకి 13, తెల్లవాళ్లకి 6. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకోటుంది, 2011-12 నాటి జాతీయ సర్వేలో షుగరున్న ఏషియన్లలో సగం మందికి తమకి ఉన్నట్టే తెలీదు. మీవారు మొన్నటిదాకా ఆ సగంలో ఉన్నారు.

సరే ఇప్పుడేం చెయ్యాలి. 8 అంటే నిన్నా మొన్నా మొదలైంది కాకపోవచ్చు కాబట్టి కంటిపాప పెద్దది చేసి చూసే పరీక్ష, కిడ్నీ దెబ్బతిందేమో చూసే మూత్రంలో ఆల్బుమిన్ టెస్టు, పాదాల పరీక్ష ఇప్పుడే చేయించండి, వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యొద్దు. సన్నగా ఉన్నవాళ్లలో అప్పుడప్పుడు టైప్ 1 తరహా షుగరు పెద్దయ్యాక నెమ్మదిగా బయటపడుతుంది, దాన్ని పట్టుకునే యాంటీబాడీ టెస్టు అవసరమా అని అడగండి. కొలెస్ట్రాల్ మాట వస్తే 2018 గైడ్‌లైన్లో దక్షిణాసియా మూలం ఉండటమే గుండెకి రిస్కు పెంచే అంశంగా రాశారని గుర్తుచెయ్యండి. ఆయన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా టెస్టు చేయించుకోవాలి. మెడ వెనకా చంకల్లో నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా చర్మం ఉందేమో చూడండి. అది ఇన్సులిన్ సరిగా పనిచెయ్యట్లేదనడానికి గుర్తు. మనవాళ్లు దాన్ని మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పాపం చర్మం ఊడొస్తుంది గానీ నలుపు పోదు.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివాను, ఏకీభవించను. నల్లవాళ్లకీ మెక్సికన్లకీ షుగరు ఎక్కువంటే అది వాళ్ల తిండి, వాళ్ల జీన్సు. ఇందులో వివక్ష ఎక్కడ? నేను ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నా, ఏ డాక్టరూ నన్ను తక్కువగా చూళ్లేదు. ప్రతిదానికీ రేస్ అంటగట్టడం ఫ్యాషనైపోయింది. — ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి, కోపంగా ఉన్నా మర్యాదగా రాశారు, అందుకు సంతోషం. మీరు రెండు వేరువేరు విషయాలు కలిపేస్తున్నారు. జబ్బు ఎవరికి ఎక్కువొస్తుంది అనేది ఒకటి, వచ్చాక ఎవరికి ఎలాంటి వైద్యం అందుతుంది అనేది ఇంకోటి. నేను పోయిన నెల రాసింది రెండోదాని గురించి.

తిండి గొడవే లేని చోట మొదలుపెడదాం. టైప్ 1 షుగరు చిన్నపిల్లలకి కూడా వస్తుంది, ఒంటిలోని రక్షణ వ్యవస్థే పొరబాటున ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది, ఆరేళ్ల పిల్ల ఏం తిన్నా తినకపోయినా దానికి సంబంధం లేదు. ఆ పిల్లలకి ఇన్సులిన్ పంపు, అంటే ఒంటికి తగిలించుకుంటే ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషన్, ఉంటే రోజుకి నాలుగైదు సూదులు తప్పుతాయి. అమెరికాలో పెద్ద పెద్ద షుగరు సెంటర్లలో చూపించుకునే పిల్లల మీద 2015లో ఒక స్టడీ వచ్చింది, తెల్లపిల్లల్లో పంపు ఉన్నవాళ్లు 61 శాతం, హిస్పానిక్ (లాటినో) పిల్లల్లో 39, నల్లపిల్లల్లో 26. వీళ్లందరూ స్పెషలిస్టు దగ్గరికి వస్తున్నవాళ్లే. అమ్మానాన్నల ఆదాయం, చదువు, ఇన్సూరెన్సు అన్నీ లెక్కలోకి తీసుకుని సర్దినా తేడా పోలేదు. నేను చూసినంతలో ఇలా జరుగుతుంది, డాక్టరు మనసులో "ఈ కుటుంబం పంపు మెయింటెయిన్ చెయ్యలేదేమో" అనుకుంటాడు, అనుకుని ఆ మాటే ఎత్తడు. తిట్టడు, విసుక్కోడు, నవ్వుతూనే మాట్లాడతాడు. ఆ తల్లి కూడా బయటికొచ్చి "డాక్టరుగారు చాలా మంచివారు" అనే అంటుంది, ఎందుకంటే తనకి ఏం చెప్పలేదో తనకి తెలీదు కదా.

మిమ్మల్ని ఏ డాక్టరూ తక్కువగా చూళ్లేదన్నారు, సంతోషమే. కానీ 2021లో వచ్చిన ఇంకో స్టడీలో ఆఫీసు ఇన్సూరెన్సూ, ప్రైవేటు ఇన్సూరెన్సూ ఉన్న షుగరు పేషెంట్లనే చూశారు, అంటే మీలాంటివాళ్లనీ నాలాంటివాళ్లనీ. గుండెకి కూడా మేలుచేసే జీఎల్‌పీ-1 అనే షుగరు మందులు ఎవరికి రాస్తున్నారని చూస్తే తెల్లవాళ్లకంటే నల్లవాళ్లకి తక్కువ, హిస్పానిక్‌లకీ తక్కువ, అందరికంటే తక్కువ ఎవరికో తెలుసా, ఏషియన్లకి! మీరు ఏ మందులు వాడుతున్నారో నాకు తెలీదు, ఒక్కసారి మీ ప్రిస్క్రిప్షన్ తీసి చూసుకోండి.

ఇక జీన్సు సంగతి. ఆరిజోనాలో గీలా నది ఒడ్డున పీమా అనే ఆదివాసులున్నారు, ప్రపంచంలోనే షుగరు ఎక్కువున్న జనాల్లో వాళ్లొకరని 1960ల నించీ ప్రభుత్వ సైంటిస్టులు వాళ్ల మీద పరిశోధన చేస్తూ వచ్చారు. అందరూ మీలాగే జీన్సు అన్నారు. వీళ్ల రక్తసంబంధీకులే మెక్సికోలో సోనోరా కొండల్లో మైకోబా అనే ఊళ్లో ఉన్నారు, వాళ్లని కూడా పరీక్షించి 2006లో లెక్కలు పక్కపక్కన పెట్టారు. ఆరిజోనా పీమాలకి 38 శాతం, మైకోబా పీమాలకి 6.9. జీన్సు అవే. మరి మారిందేంటి? ఆరిజోనా పీమాలు వందల ఏళ్లు కాలవలు తవ్వి మొక్కజొన్న, చిక్కుళ్లు పండించుకున్న రైతులు. 1800ల చివర్లో పైనున్న కొత్త సెటిలర్లు నదినీళ్లు మళ్లించేసుకున్నారు, కింద పొలాలు ఎండిపోయి జనం ఆకలికి మాడారు. తర్వాత ప్రభుత్వం రేషన్ ఇచ్చింది, తెల్లపిండి, పందికొవ్వు, పంచదార. ఆ నీళ్ల వాటా తిరిగి ఇస్తూ చట్టం వచ్చింది 2004లో. నీళ్ల గొడవలంటే ఏంటో తెలుగువాళ్లకి నేను వేరే చెప్పాలా! ఇప్పుడు వాళ్లని చూసి "తిండి సరిగ్గా తినరు" అంటే నాకు నోట మాట రాదు. జీన్సుకి అసలు పాత్రే లేదని అనట్లేదు, పైన మన గురించి చెప్పిందీ కొంత ఒంటి తీరే కదా, కానీ మొత్తం కథని దాని మీదకి నెట్టేస్తే మనకి సుఖంగా ఉంటుంది, అంతే.

కాళ్లు తీసేసే సంగతి కూడా చెప్పి ఆపుతా. మిసిసిపీ డెల్టా అంటే ఒకప్పుడు బానిసలతో పత్తి పండించిన నేల, అక్కడ బొలివర్ కౌంటీలో ఫొలూసో ఫకొరెడె అనే గుండె డాక్టరు పనిచేస్తూ గమనించిందేంటంటే, షుగరుతో పుండు పడిన కాలుకి రక్తం ఎంత వెళ్తోందో యాంజియోగ్రామ్‌తో చూడకుండానే కాలు తీసేస్తున్నారు. మూసుకుపోయిన రక్తనాళం తెరిస్తే చాలా కాళ్లు నిలబడతాయి. దేశం మొత్తం మీద షుగరు వల్ల కాలు పోగొట్టుకునేది తెల్లవాళ్లకంటే నల్లవాళ్లు రెండు మూడు రెట్లు ఎక్కువ. మెడికెయిడ్, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు, మిసిసిపీ విస్తరించలేదు, మీ టెక్సాసూ విస్తరించలేదు, దేశంలో ఇన్సూరెన్సు లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం మీదే. పాదం మీద చిన్న పుండు పడ్డప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లలేనివాడు కాలు నల్లబడ్డాక ఎమర్జెన్సీకి వెళ్తాడు, అప్పటికి రంపం తప్ప ఏం మిగలదు.

గట్టిగా అంటున్నాననుకోకండి, "వాళ్ల తిండి" అన్న మాట మన గురించి కూడా అనేవాళ్లున్నారు. నా కొలీగ్ ఒకావిడ మన పేషెంటు ఫైల్ చూస్తూ "వీళ్లు అన్నం మానరు, చెప్పి లాభం లేదు" అంది, నేను పక్కనే కూర్చుని ఉన్నా. ఆవిడ చెడ్డమనిషి కాదు. మీరూ కాదు.

ప్రశ్న: మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఇంగ్లిష్ రాదు. షుగర్ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లి ట్రాన్స్‌లేట్ చేస్తా. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలా అని ఫ్రంట్ డెస్కులో అడిగితే అవసరం లేదన్నా, నేనున్నాగా. కరెక్టే కదా? — షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: కాదు బాబూ. డాక్టరు మూడు నిమిషాలు మాట్లాడితే మీరు అమ్మకి "రైస్ తగ్గించమంటున్నారమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నేను ఇది వందసార్లు చూశా. అవతల అమ్మ కూడా కొడుకు ముందు మూత్రం ఆగట్లేదని, కింద దురదగా ఉందని, మందు ఖరీదెక్కువని రోజు మార్చి రోజు వేసుకుంటున్నానని చెప్పదు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులూ క్లినిక్కులూ ఇంగ్లిష్ రానివాళ్లకి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, 1964 సివిల్ రైట్స్ చట్టం, తర్వాత అఫర్డబుల్ కేర్ చట్టంలో 1557 సెక్షన్ వల్ల ఇది హక్కు. తెలుగువాళ్లు ఫోన్ మీదో వీడియో మీదో దొరుకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పి పెట్టుకోండి. మీరు పక్కనే కూర్చోండి, ఓ ఐదు నిమిషాలు మాత్రం బయటికెళ్లి కాఫీ తాగి రండి.

ప్రశ్న: నేను అట్లాంటాలో డయాలిసిస్ నర్సుని, మా పేషెంట్లలో ఎక్కువమంది నల్లవాళ్లే, సగం పైన షుగరు వల్లే కిడ్నీలు పోయినవాళ్లు. పాత ల్యాబ్ రిపోర్టుల్లో కిడ్నీ ఫంక్షన్‌కి రెండు నంబర్లు ఉండేవి, "ఆఫ్రికన్ అమెరికన్ అయితే" అని పక్కన ఎక్కువ నంబరు. ఇప్పుడు రావట్లేదు. అది ఎందుకుండేది, ఎందుకు తీసేశారు? ఇంకోటి, నాకు తలసీమియా ట్రెయిట్ ఉంది, నా ఎ1సికీ వేలి టెస్టుకీ పొంతన కుదరట్లేదు, దేన్ని నమ్మాలి?

జవాబు: చెల్లీ, ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, కోపం తెప్పించే ప్రశ్న కూడా. కండల్లోంచి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంతుందో చూసి కిడ్నీ ఎంత వడపోస్తోందో ఒక ఫార్ములాతో లెక్కేస్తారు కదా, దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటాం. ఆ ఫార్ములా తయారుచేసినవాళ్లకి తమ స్టడీలో నల్లవాళ్ల క్రియాటినిన్ కాస్త ఎక్కువ కనిపించింది, కండ ఎక్కువేమో అనుకుని నల్లవాళ్లయితే 1.159తో హెచ్చవేయండని 2009 ఫార్ములాలో పెట్టేశారు, అంతకుముందు దాంట్లో ఇంకా ఎక్కువ, 1.212. ఇందులో ఎంత అన్యాయం ఉందో ఒక ఉదాహరణతో చెప్తా. డయాలిసిస్‌కి ముందే కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో నిరీక్షణ కాలం లెక్క మొదలవ్వాలంటే ఆ నంబరు 20కి దిగాలి. ఒకడికి నిజంగా 18 ఉంది, తెల్లవాడైతే లైన్లో నిలబడతాడు. అదే రక్తం నల్లవాడిదైతే 18 ఇంటూ 1.159, దాదాపు 21, ఇంకా టైముంది ఇంటికెళ్లు అంటారు. లైన్లోకి రాకుండానే నెలలు, కొందరికి ఏళ్లు పోయాయి. తల్లి తెల్లావిడ, తండ్రి నల్లాయన అయితే ఏ నంబరు చూడాలో ఎవరికీ తెలీదు, క్లర్కు ఏ గడిలో టిక్కు పెడితే అది!

2021లో నేషనల్ కిడ్నీ ఫౌండేషనూ కిడ్నీ డాక్టర్ల సంఘమూ కలిసి జాతితో పనిలేని కొత్త ఫార్ములా వాడమన్నాయి, అందుకే మీకు ఇప్పుడు ఒక్క నంబరే వస్తోంది. 2023లో ట్రాన్స్‌ప్లాంట్ వ్యవస్థ ఇంకో అడుగు వేసి, పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లవాళ్ల పాత రిపోర్టులు తవ్వి తీసి వాళ్ల నిరీక్షణ కాలం సరిచెయ్యమని ఆసుపత్రుల్ని ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి 14 వేల మందికి పైగా లిస్టులో ముందుకు జరిగారు. తప్పు జరిగిందని ఒప్పుకుని పోయిన కాలాన్ని తిరిగి కట్టివ్వడం వైద్యంలో చాలా అరుదుగా చూస్తాం. మీ యూనిట్లో పాత పేషెంట్లు ఎవరైనా లిస్టులో ఉంటే వాళ్ల తేదీ మారిందో లేదో అడగమని చెప్పండి, ఒక నర్సు చెప్పిన మాట ఆసుపత్రి పంపే ఉత్తరం కంటే బాగా వింటారు.

మీ ఎ1సి గురించి. ఆ టెస్టు మూణ్నెల్లుగా ఎర్రకణాలకి అంటుకున్న షుగరు చూస్తుంది, మరి ఎర్రకణాల ఆయుష్షులో తేడా ఉన్నా, హిమోగ్లోబిన్‌లో తేడా ఉన్నా లెక్క తప్పుతుంది. తలసీమియా ట్రెయిట్ అంటే పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తేడాయే, అది ఉంటే లెక్క అటో ఇటో జరగొచ్చు. ఐరన్ తక్కువైతే ఎ1సి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీరు చూసే నల్లవాళ్ల విషయంలోనూ ఇదే తకరారు, ఒకే సగటు షుగరు ఉన్నా నల్లవాళ్ల ఎ1సి తెల్లవాళ్లకంటే 0.4 దాకా ఎక్కువ చూపిస్తోందని 2017లో ఒక స్టడీ చెప్పింది, అదే ఏడు ఇంకో స్టడీ సికిల్ సెల్ ట్రెయిట్ అనే ఇంకో హిమోగ్లోబిన్ తేడా ఉన్న నల్లవాళ్లలో 0.3 తక్కువ చూపిస్తోందని చెప్పింది. అంటే జాతి పేరు చూసి కలపడమో తీసెయ్యడమో చేస్తే మళ్లీ పాత తప్పే, మనిషిని చూసి కొలవాలి. మీరు వేలి టెస్టుని నమ్మండి, వీలైతే రెండు వారాలు ఒంటికి అంటించే షుగరు సెన్సార్ పెట్టించుకోండి, ఎర్రకణాలతో పనిలేని ఫ్రక్టోజమైన్ టెస్టు చేస్తారా అని కూడా అడగండి.

ప్రశ్న: నాన్నగారికి 67, కొత్తగా గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇన్సులిన్ నెలకి 35 డాలర్లే అని విన్నాం, ఫార్మసీలో అలా ఇవ్వనన్నారు. — కాలిఫోర్నియా

జవాబు: ఫెడరల్ చట్టంలోని 35 డాలర్ల పరిమితి మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు, ఉన్నవాళ్లకి, 2023 జనవరి నించి. గ్రీన్ కార్డుతో వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ ఉద్యోగం చెయ్యకపోతే మెడికేర్ కొనుక్కోడానికైనా ఐదేళ్లు వరసగా ఉండాలి. 2023లో కంపెనీలు ఇన్సులిన్ ధరలు బాగా తగ్గించాయి, లిల్లీ జెనరిక్ లిస్ప్రో వయల్ 25 డాలర్లకి దిగింది, నాన్నగారు వాడేదానికి అలాంటిది ఉందేమో ఫార్మసిస్టుని అడగండి, డాక్టరుకి చెప్పకుండా మాత్రం మార్చకండి. ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, డబ్బుల్లేవని వెనక్కి పంపరు. "అక్కడికి మనలాంటివాళ్లు వెళ్లరు" అనకండి, వెయిటింగ్ రూమ్‌లో నాకు తెలుగు వినబడుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా ఊరి తెలుగు సంఘం తరఫున షుగర్ క్యాంపు పెడుతున్నాం. ఫింగర్ ప్రిక్ చేసి పాంప్లెట్ ఇచ్చేస్తే చాలా, ఇంకేమైనా చెయ్యాలా? ఇవన్నీ చదివాక అసలు ఏదైనా మారుతుందా అనిపిస్తోంది. — ఒహాయో

జవాబు: మారుతుంది, మారిన చోటు కూడా ఉంది. అమెరికా ఆదివాసులకి షుగరు వల్ల కిడ్నీలు పాడై డయాలిసిస్‌కి వెళ్లడం ఒకప్పుడు దేశంలో అందరికంటే ఎక్కువ. 1997లో పార్లమెంటు, అదే ఇక్కడి కాంగ్రెస్, వాళ్ల కోసం ప్రత్యేకంగా షుగరు ప్రోగ్రాం పెట్టి డబ్బిచ్చింది. వాళ్లు చేసిందేం బ్రహ్మవిద్య కాదు. ఊళ్లో షుగరున్న ప్రతివాళ్ల పేరూ ఒక రిజిస్టర్లో రాసుకున్నారు, ఏటా అందరికీ మూత్రంలో ఆల్బుమిన్ చూశారు, కిడ్నీని కాపాడే బీపీ మందులు, అవే పాతకాలపు చవక మందులు, అవసరమైనవాళ్లకి తప్పకుండా రాశారు, రానివాళ్ల ఇంటికి మనిషిని పంపారు. 1996 నించి 2013 మధ్య షుగరు వల్ల కిడ్నీ ఫెయిలయ్యేవాళ్ల రేటు వాళ్లలో 54 శాతం తగ్గింది. జీన్సు మారలేదు, పేదరికం కూడా పెద్దగా పోలేదు.

కాబట్టి మీ క్యాంపుకి పాంప్లెట్ కంటే రిజిస్టర్ ముఖ్యం. ఎక్కువొచ్చినవాళ్ల ఫోన్ నంబరు వాళ్లనడిగి తీసుకుని రెండు వారాల తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి "డాక్టర్ని చూశారా" అని అడగాలి, ఆ పని తీసుకునేవాళ్లు దొరికాకే క్యాంపు తేదీ పెట్టండి. న్యూయార్క్‌లో బంగ్లాదేశీల కోసం వాళ్ల భాషే మాట్లాడే హెల్త్ వర్కర్లతో ఇలాంటి పని ఏళ్ల తరబడి నడిపారు, డాక్టరు చెప్పినదానికంటే పక్కవీధి ఆవిడ చెప్పింది జనానికి ఎక్కింది. కార్పొరేట్ ఇన్సూరెన్సు ఉన్న మనవాళ్లకి మీరు పెద్దగా అక్కర్లేదు, ఎంఎస్ చేస్తూ సూపర్‌మార్కెట్లో పనిచేసే పిల్లలు, రెస్టారెంటు వంటవాళ్లు, విజిటర్ వీసా మీదొచ్చిన అమ్మానాన్నలు, వాళ్లకి కబురు వెళ్లాలి. పక్క చర్చిలో నల్లవాళ్ల సంఘం ఉంటే వాళ్లనీ పిలవండి, మన హాలుకి వాళ్లు రావడం వద్దనుకునేవాళ్లు మన కమిటీలో ఒకరిద్దరుంటారు, ఉండనివ్వండి.

బరువు తూచే మిషన్ ఒక్కటే పెట్టుకుని కూర్చోకుండా టేపు తీసుకెళ్లండి, మనవాళ్లకి నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే టెస్టు చెయ్యాల్సిందే, మనిషి ఎంత సన్నగా కనబడినా సరే. షుగరున్నవాళ్ల సాక్సులు విప్పించి పాదాలు చూడండి, మన రంగు మీద ఎరుపు సరిగా కనబడదు, చేత్తో తాకి వేడిగా ఉందేమో చూడాలి. కుర్చీలు కాస్త ఎక్కువ వేయించండి, పెద్దవాళ్లు నిలబడి సాక్సులు విప్పుకోలేరు.